స్టేషన్లో కూర్చోబెట్టిన గంటలు ఎవరి లెక్కలోకి?

సంపాదకుల వారికి,

‘అదుపులోకి తీసుకుని విచారిస్తున్నారు, ఇంకా అరెస్టు చూపలేదు’ అన్న వార్తలు మనకు మామూలైపోయాయి. చట్టంలో అలాంటి మధ్య స్థితి లేదు. అరెస్టు, దర్యాప్తు పద్ధతులు చెప్పే చట్టమైన భారతీయ నాగరిక సురక్షా సంహిత 43వ సెక్షన్ ప్రకారం ఒంటిమీద చెయ్యి వేసినా, కదలనివ్వకపోయినా, ఆ మనిషే మాటతోనో చేతతోనో లొంగిపోయినా అరెస్టే. ‘అరెస్టు కాదు, విచారణకు ఉంచాం’ అనే వాదనను నిరంజన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ కృష్ణయ్యర్ 1980లోనే దాగుడుమూతలుగా తీసిపారేశారు.

నోటీసు అందుకుని వచ్చి, జవాబులు చెప్పి సాయంత్రానికి ఇల్లు చేరితే అది కస్టడీ కాదు. పోలీసులకు ఆ వెసులుబాటు ఉండాల్సిందే. లేచి వెళ్తానంటే వెళ్లనిస్తారా అన్నదే అసలు ప్రశ్న. ఫోన్ లాక్కోవడం, ఇంటివాళ్లను గేటు దగ్గరే ఆపడం, రాత్రి అక్కడే ఉంచేయడం... ఇవన్నీ కలిపి చూస్తే జవాబు తెలుస్తుంది. అరెస్టయిన మనిషిని మేజిస్ట్రేటు ముందు హాజరుపరచడానికి రాజ్యాంగం 22వ అధికరణ పెట్టిన 24 గంటల గడువు, ప్రయాణ సమయం పోను, వెళ్లనివ్వని ఆ క్షణం నుంచే మొదలవ్వాలి. రెండ్రోజులు స్టేషన్లో ఉన్నవాడికి రిమాండ్ రిపోర్టులో ‘ఈ ఉదయం బస్టాండు వద్ద అరెస్టు’ అని రాస్తే ఆ గడువుకు అర్థమే లేదు.

తమాషా ఏమిటంటే, నిందితుడు చూపించిన చోట వస్తువు దొరికితే అదే సమయం కస్టడీ అయిపోతుంది. సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియమ్ 23వ సెక్షన్ కింద అతనిచ్చిన ఆ సమాచారం కోర్టులో చెల్లాలంటే అతను పోలీసు కస్టడీలో ఉండాలి కదా! రికవరీకి కస్టడీ, 24 గంటల లెక్కకు మాత్రం కాదా?

పిలుపు వస్తే రాతపూర్వక నోటీసు అడగాలి. సాక్షికైతే నాగరిక సురక్షా సంహిత 179వ సెక్షన్ కింద, అనుమానితుడికైతే 35(3) కింద. ఈ రెండోది వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది. 179 కింద మహిళలను, 15 ఏళ్లలోపు, 60 దాటిన పురుషులను, వికలాంగులను వాళ్లుండే చోటే విచారించాలి. మనిషి తిరిగి రాకపోతే ఇంటివాళ్లు వెంటనే 100కు ఫోన్ చేసి, ఎస్పీకి ఈమెయిల్ పెట్టాలి. ఎన్నింటికి తీసుకెళ్లారో చెప్పే రుజువు అదే. రిమాండ్‌కు హాజరుపరచినప్పుడు ఆ సమయాన్ని మేజిస్ట్రేటుకు నోటితో చెప్పి రాయించుకోవాలి. చాలామంది భయపడి ఊరుకుంటారు, తర్వాత చెబితే నమ్మేవారుండరు. సీసీటీవీ ఫుటేజీ 18 నెలలు ఉంచాలని 2020లో సుప్రీంకోర్టు ఆదేశించినా, ఆలస్యం చేయకుండా అర్జీ పెట్టడం మేలు.

విచారణకు వచ్చిన ప్రతి ఒక్కరి రాక, పోక సమయాలు స్టేషన్ రోజువారీ రికార్డు అయిన జనరల్ డైరీలో రాసి, సంతకం తీసుకుని, నకలు చేతికివ్వాలని డీజీపీలు ఆదేశాలివ్వాలి.

– ఒక న్యాయవాది