వృత్తి పన్ను అందరికీ అదే 200 ఎందుకు?

సంపాదకుడు గారికి,

మా అనంతపురంలో నెలకు 21 వేలు జీతం తెచ్చుకునే షోరూం కుర్రాడికీ, ఐదు లక్షలు తీసుకునే కంపెనీ మేనేజరుకూ రాష్ట్రం జీతంలోంచి తీసుకునే వృత్తి పన్ను ఒకటే, నెలకు 200 రూపాయలు. ఇదేం లెక్క? రాష్ట్రాన్ని అడిగితే మా చేతుల్లో లేదంటారు, అదీ నిజమే, రాజ్యాంగం 276వ అధికరణ ప్రకారం ఏడాదికి 2,500 దాటి వసూలు చేయకూడదు, ఆ పరిమితి పెట్టింది 1988లో, అప్పటి నుంచి జీతాలూ ధరలూ ఎక్కడికి పోయాయో చెప్పక్కర్లేదు గానీ అది మాత్రం కదల్లేదు. ఆదాయపు పన్ను ఎలాగూ కేంద్రానిదే. (వ్యవసాయ ఆదాయం మీద పన్ను వేసే అధికారం రాష్ట్రాలకు ఉంది, ఆ మాటెత్తే ధైర్యం ఏ పార్టీకి ఉందిలెండి.) ధనవంతుల ఆదాయపు పన్ను మీద కేంద్రం అదనంగా వేసే సర్‌చార్జీలో రాష్ట్రాలకు వాటా రాదు, పైగా కొత్త పన్ను విధానంలో దాని గరిష్ఠ రేటును 2023లో 37 నుంచి 25 శాతానికి తగ్గించారు.

అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 2022లో జనం ఓటుతో, ఏడాదికి పది లక్షల డాలర్లు దాటిన ఆదాయంపై అదనంగా 4 శాతం వేసి చదువులకూ రోడ్లకూ కేటాయించుకుంది. మనకు అంత వద్దు. నెలకు రెండు లక్షలు దాటినవాళ్ల దగ్గర కాస్త ఎక్కువ తీసుకునేలా ఆ 2,500 పరిమితి సవరించమని మన ఎంపీలు పార్లమెంటులో అడగాలి, వచ్చిన డబ్బు ప్రభుత్వాసుపత్రులకూ తాగునీటికీ మాత్రమే అని చట్టంలోనే రాయించాలి, లేకపోతే అది ఎటు పోతుందో మనకు తెలియనిది కాదు.

- ఒక పాఠకుడు, అనంతపురం