సాయం పద్దు వేరు, వ్యాపారం పద్దు వేరు

సంపాదకులకు నమస్కారం.

పొరుగు దేశాలకు మనం చేసే సాయం గురించి మీ ఉత్తరాల పేజీలో ఈమధ్య వస్తున్నవన్నీ చదువుతున్నాను. ఒక మాట పదేపదే కనిపిస్తోంది. "శ్రీలంక మునిగిపోతుంటే 400 కోట్ల డాలర్లిచ్చి ఆదుకున్నాం. తీరా మన కంపెనీ గాలిమరలు పెడతానంటే పేచీ పెట్టారు. విశ్వాసం లేని మనుషులు" అని. పొద్దున్నే మాతో వాకింగ్‌కి వచ్చేవాళ్లదీ ఇదే పాట. ముప్పై నాలుగేళ్లు బ్యాంకులో, అందులో ఎక్కువ కాలం అప్పుల సీట్లోనే పనిచేసి రిటైరయ్యాను. నాకు ఈ లెక్క మింగుడుపడక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఆ "ఇచ్చాం" సంగతి. 2022లో మనం చేసిన సాయం చిన్నది కాదు, వేళకు అందింది కూడా. పెట్రోలు బంకుల ముందు జనం రోజుల తరబడి క్యూ కట్టిన రోజులవి. మిగతా దేశాలు ఇంకా ఆలోచిస్తుండగానే మన డీజిల్ ఓడలు కొలంబో చేరాయి. కానీ ఆ 400 కోట్లలో ఏముందో విడదీసి చూడండి. 40 కోట్ల డాలర్ల కరెన్సీ స్వాప్, అంటే వాళ్ల కరెన్సీ తీసుకుని డాలర్లిచ్చి, గడువుకు తిరిగి మార్చుకునే ఏర్పాటు. ఇంధనం కొనుక్కోవడానికి 50 కోట్ల డాలర్ల రుణం. బియ్యం, మందుల వంటి నిత్యావసరాలకు స్టేట్ బ్యాంకు ద్వారా 100 కోట్ల డాలర్ల రుణం. మనకు కట్టాల్సిన బాకీలకు గడువు పొడిగింపు. ఇలా చాలామటుకు తిరిగి రావలసిన డబ్బే. తమిళనాడు ప్రభుత్వం పంపిన 40,000 టన్నుల బియ్యం, 500 టన్నుల పాలపొడి లాంటివి ఊరికే ఇచ్చినవి. అప్పిచ్చి ఆదుకోవడమూ సాయమే, కాదనను. కానీ అప్పిచ్చి దానం చేశామని చెప్పుకుంటే మా రోజుల్లో ఆడిటర్ ఊరుకునేవాడు కాదు.

ఇంకో సంగతి. మన ఎగుమతి దిగుమతుల (ఎగ్జిమ్) బ్యాంకు ద్వారా పేద దేశాలకు ఇచ్చే లైన్ ఆఫ్ క్రెడిట్‌లో, అంటే ఒక పరిమితి వరకు కావలసినప్పుడు వాడుకునే అప్పులో, మామూలుగా ఒక షరతు ఉంటుంది. కొనే సరుకు, సేవల్లో కనీసం 75 శాతం మన దేశం నుంచే కొనాలి. అప్పు ఇస్తాను గానీ సరుకు మా బావమరిది కొట్లోనే కొనాలి అన్నట్టన్నమాట. ఇందులో తప్పేమీ లేదు. అప్పిచ్చే దేశాలు చాలా వరకు చేసేదే, మన ఫ్యాక్టరీలకూ పని దొరుకుతుంది. అయితే ఆ డబ్బులో ముప్పాతిక మనింటికే తిరిగొస్తుంటే, అదే ఉపకారాన్ని చూపించి రెండోసారి వసూలుకు వెళ్లడం ఏం మర్యాద?

గాలిమరల గొడవలో జరిగింది దాదాపు అదే. 2022 మార్చిలో స్టేట్ బ్యాంకు రుణంపై సంతకాలయ్యాయి. అదే నెలలో ఉత్తర శ్రీలంకలోని మన్నారు, పూనెరిన్ ప్రాంతాల్లో గాలి విద్యుత్తు కోసం అదానీ గ్రూపుతో ఒప్పందం కుదిరింది. టెండరు లేదు. పోటీ టెండరు తప్పనిసరి కాకుండా జూన్‌లో అక్కడి విద్యుత్ చట్టాన్నే సవరించారు. ఢిల్లీ నుంచి ఒత్తిడి ఉందని శ్రీలంక అధ్యక్షుడు తనతో అన్నారంటూ అక్కడి విద్యుత్ బోర్డు ఛైర్మన్ పార్లమెంటరీ కమిటీ ముందు చెప్పారు. అధ్యక్షుడు ఖండించారు. ఛైర్మన్ మాట వెనక్కి తీసుకుని రాజీనామా చేశారు. ఒత్తిడి ఉందో లేదో నేను చెప్పలేను. కానీ మందుల కోసం ఆస్పత్రుల చుట్టూ తిరుగుతున్న జనానికి ఆ వార్త ఎలా వినపడి ఉంటుందో చెప్పగలను.

ఆ తర్వాత జరిగిందంతా మెల్లగా బిగుసుకున్న ఉచ్చు. 2024లో అప్పటి ప్రభుత్వం యూనిట్‌కు 8.26 సెంట్ల ధరకు 20 ఏళ్ల కొనుగోలును ఒప్పుకుంది. వలస పక్షుల దారిలో మరలేమిటని పర్యావరణవాదులు కోర్టుకెళ్లారు. ప్రభుత్వం మారింది, ఆ ధర ఎక్కువంది. 2025 ఫిబ్రవరిలో కంపెనీయే తప్పుకుంది. 484 మెగావాట్లు, 44.2 కోట్ల డాలర్ల పెట్టుబడి. కరెంటు కోతలతో విసిగిన దేశానికీ నష్టమే, మన కంపెనీకీ నష్టమే. మొదట్లోనే టెండరు పిలిచి ఉంటే, ధర ఎక్కువని తర్వాత ఎవరన్నా అంత తేలిగ్గా చెల్లేది కాదు.

ఇప్పుడు సొంత అనుభవం ఒకటి. 2018 జనవరిలో మావారు, నేను శ్రీలంక టూరుకి వెళ్లాం. గాల్ కోట గోడ మీద నడుస్తుంటే తుంపర పడింది. రాయి మీద కాలు జారి ఆయన చీలమండ విరిగింది. కొబ్బరిబోండాలు అమ్మే ఆయన మమ్మల్ని అడగకుండానే 1990 అనే అంబులెన్స్ నంబరుకి ఫోన్ చేశాడు. టెన్షన్‌లో ఎంతసేపైందో చూసుకోలేదు గానీ, ఆయన చేతిలోని బోండాం ఖాళీ అయ్యేలోపే అంబులెన్స్ వచ్చింది. అందులోంచి దిగిన అమ్మాయికి పాతికేళ్లుంటాయేమో. కాలికి బద్ద కడుతూ, మా మాటలు విని, "నొప్పి ఉందా?" అంది తెలుగులో. హైదరాబాద్‌లో ట్రైనింగ్ అయ్యిందట, వచ్చిన తెలుగు ఆ రెండు మాటలేనట. ఆస్పత్రి దగ్గర సంతకం పెట్టమని ఒక కాగితం ఇచ్చింది. పాత అలవాటు కదా, డబ్బు ఎంతో రాసే గడి కోసం వెతికాను. ఆ కాగితంలో అలాంటి గడే లేదు.

ఆ సర్వీసు పేరు సువ సెరియ. 2005లో హైదరాబాద్‌లో మొదలైన మన 108 లాంటిదే. 108 నడిపిన సంస్థే అక్కడా మొదట నడిపింది. 2016లో మన గ్రాంటుతో, 76 లక్షల డాలర్లతో, 88 బండ్లతో పశ్చిమ, దక్షిణ రాష్ట్రాల్లో మొదలైంది. తర్వాత ఇంకో 209 బండ్లిచ్చి దేశమంతటికీ విస్తరించారు. 2018లో అక్కడి పార్లమెంటు చట్టం చేసి దానికో ఫౌండేషన్ పెట్టింది. అంటే మన చేతుల్లో పుట్టింది వాళ్ల చేతుల్లోకి వెళ్లిపోయింది. మొదట్లో దాని మీదా అనుమానాలు లేకపోలేదు. ఎవరి ప్రాణమో నిలబడ్డాక అవి వాటంతటవే సద్దుమణిగాయి. మొత్తం ఖర్చు 2 కోట్ల 28 లక్షల డాలర్లు, గాలిమరల పెట్టుబడిలో దాదాపు ఇరవయ్యో వంతు.

శ్రీలంకలో అంతర్యుద్ధం ముగిశాక ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో మనం కట్టించిన ఇళ్లదీ అదే తీరు. కాంట్రాక్టరు చేతికి కాకుండా ఇంటికి 5.5 లక్షల శ్రీలంక రూపాయలు, పని నడిచిన కొద్దీ వాయిదాల్లో, నేరుగా ఇంటివాళ్ల ఖాతాలోనే వేశారు. ఎక్కువ ఇళ్లు ఇలా వాళ్లు కట్టుకున్నవే. బ్యాంకు మనిషిగా నాకు ఈ పద్ధతి మీద గౌరవం.

నా వాదనకు అడ్డొచ్చే ఉదాహరణ ఒకటుంది, దాచను. కొలంబో రేవులో పశ్చిమ కంటైనర్ టెర్మినల్. అదీ అదానీ గ్రూపుకు బహిరంగ టెండరు లేకుండా వచ్చిందే, అయినా 2025 ఏప్రిల్‌లో పని మొదలుపెట్టింది. దానికి ముందు తూర్పు టెర్మినల్ మీద మనతో, జపాన్‌తో కుదిరిన ఒప్పందాన్ని రేవు కార్మికుల ఆందోళనతో 2021లో రద్దు చేశారు. మరి ఇది ఎలా నిలబడింది? అదానీకి 51 శాతం, అక్కడి జాన్ కీల్స్ కంపెనీకి 34, రేవు సంస్థకు 15. లాభమొస్తే ఎవరికెంతో అందరికీ తెలుసు. పైగా ఒప్పందం 2021లోనే అయింది, అంటే మనం ఆ సంక్షోభపు అప్పులివ్వకముందే. ఎవరూ దాన్ని మందుల బిల్లుతో ముడిపెట్టలేదు.

హంబన్‌టోట రేవును 2017లో చైనా కంపెనీకి 99 ఏళ్ల లీజుకిచ్చారని మనం వేలెత్తి చూపిస్తుంటాం. మన ఒప్పందాలు అంతకంటే నయమని మనమే అనుకుంటే సరిపోదు, వాళ్లకు కనపడాలి. 2025 ఏప్రిల్‌లో ప్రధాని పర్యటనలో సంతకాలైన ఒప్పందాల పూర్తి పాఠం బయటపెట్టమని అక్కడి ప్రతిపక్షాలు అడగాల్సి వచ్చింది. దాచాల్సింది ఏమీ లేనప్పుడు ఆ పాఠాన్ని రెండు పార్లమెంట్ల ముందూ పెట్టడానికి అభ్యంతరం దేనికి? ఒక దేశం సంక్షోభంలో ఉండి మన దగ్గర అప్పు తీసుకుంటున్న ఏడాదిలో మన కంపెనీలకు టెండరు లేని కాంట్రాక్టులు అడగబోమని ప్రభుత్వం ఒక నియమం పెట్టుకుంటే ఇంకా మంచిది. కంపెనీలు వెళ్లాలి, పెట్టుబడులు పెట్టాలి, లాభాలూ తెచ్చుకోవాలి. వాటి పద్దు వాటిదే.

మీ పత్రికకూ ఒక విన్నపం. ఇకమీదట ఫలానా దేశానికి ఇన్ని కోట్ల డాలర్ల సాయం అని వార్త వేసినప్పుడు, ఆ పక్కనే గ్రాంటా, అప్పా, అప్పైతే వడ్డీ ఎంత, గడువెంత, అందులో మన సరుకే కొనాల్సింది ఎంత అన్నది ఒక్క లైనులో వేయండి. చోటు చాలకపోతే మంత్రిగారి ఫొటో కొంచెం చిన్నది చేయండి.

ఇట్లు,
విశ్రాంత బ్యాంకు ఉద్యోగిని, మీ పాఠకురాలు