ఇటలీలో కారు ఊళ్ల మధ్యకే, ఊళ్ల లోపలికి కాదు

సంపాదకులకు,

ఉత్తర ఇటలీని కారులో ఆరు రోజుల్లో చుట్టి రావచ్చంటూ మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన ప్రణాళిక చూసి ఈ లేఖ రాస్తున్నాం. మిలాన్, వెరోనా, వెనిస్, పాదోవా, బొలోన్యా, పార్మా, టూరిన్ అంటూ రోజుకో ఊరు, ఒక రోజైతే రెండు ఊళ్లు పెట్టారు. దూరాల లెక్కలో తప్పేమీ లేదు. మిలాన్ నుంచి వెనిస్‌కు దూరం మన హైదరాబాద్ నుంచి విజయవాడ అంతే. ఇబ్బందల్లా ప్రతి ఊరి నడిబొడ్డు దాకా కారులోనే వెళ్లమనడంతో వస్తుంది. అలా వెళ్లినవారికి ఇంటికి చేరిన కొన్ని నెలల తర్వాత జరిమానా నోటీసులు ఒకదాని వెనుక ఒకటి వస్తాయి.

ఈ ఊళ్లలో చాలావాటిలో పాత పట్టణ భాగంలోకి బయటి కార్లను రానివ్వరు. ఆ ప్రాంతాన్ని జెడ్‌టీఎల్ అంటారు. దానికి గేటు ఉండదు, గొలుసు ఉండదు, ఆపే పోలీసూ ఉండడు. ఎర్ర అంచున్న తెల్లటి గుండ్రటి బోర్డు, దాని కింద వేళలు, పైన కెమెరా, అంతే. కొన్నిచోట్ల ఎలక్ట్రానిక్ బోర్డు కూడా ఉంటుంది. దాని మీద ‘వార్కో అత్తీవో’ అని వెలిగితే దారి తెరిచి ఉందనుకుని లోపలికి పోయేవాళ్లు చాలామంది. నిజానికి కెమెరా పనిచేస్తోంది, లోపలికి రావద్దని దానర్థం. ‘నోన్ అత్తీవో’ అని ఉంటేనే వెళ్లాలి. ఫోన్‌లో దారి చూపే యాప్‌ను ఈ ఒక్క విషయంలో నమ్మడానికి లేదు. హోటల్ పేరు కొడితే హోటల్ గుమ్మం దాకా తీసుకెళ్తుంది, ఆ గుమ్మం జెడ్‌టీఎల్ లోపల ఉన్నా సరే. అందుకే యాప్‌లో హోటల్ పేరు కాకుండా పార్కింగ్ పేరు కొట్టాలి.

జరిమానా 80 యూరోల పైచిలుకుతో మొదలవుతుంది. నోటీసు అందిన ఐదు రోజుల్లో కడితే 30 శాతం తగ్గుతుంది. అయితే నోటీసు ముందుగా అద్దె కంపెనీకి వెళ్తుంది. మీ పేరు, చిరునామా పోలీసులకు అందించినందుకు కంపెనీ మీ కార్డు నుంచి విడిగా రుసుము తీసుకుంటుంది. చాలామంది ఆ రుసుమునే జరిమానా అనుకుని, పని అయిపోయిందని ఊరుకుంటారు. అసలు నోటీసు ఆ తర్వాత వస్తుంది. విదేశాల్లో ఉండేవారికి పంపడానికి చట్టం 360 రోజుల గడువు ఇస్తోంది. కాబట్టి కారు ఒప్పంద పత్రాలు, పార్కింగ్ రసీదులు ఏడాదికి పైగా దాచుకోండి.

హోటలే జెడ్‌టీఎల్ లోపల ఉంటే దానికీ దారి ఉంది. చాలా ఊళ్లలో హోటల్ వాళ్లు అతిథుల కారు నంబరును మున్సిపాలిటీ జాబితాలో చేర్పించగలరు. అయితే అద్దె కారు నంబరు తాళాలు చేతికొచ్చేదాకా తెలియదు కదా. కౌంటర్ దగ్గర నుంచే హోటల్‌కు ఫోన్ చేసి నంబరు చెప్పాలి. నమోదైందని రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. ఏ వీధి నుంచి రావాలో కూడా అడగాలి. ఆ అనుమతి సామాను దించుకోవడానికి మాత్రమేనా, రాత్రంతా ఆపుకోవచ్చా అన్నది ఊరినిబట్టి మారుతుంది.

మా సలహా ఇది. మిలాన్‌లో దిగి బొలోన్యా నుంచి తిరిగి వచ్చేలా టికెట్ తీసుకోండి. హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా వెళ్లే ఎమిరేట్స్ విమానాలు ఈ రెండు ఊళ్లకూ ఉన్నాయి. మిలాన్‌లో రెండు రాత్రులు ఉండండి, కారు అక్కర్లేదు. అక్కడ నగరం నడిమధ్యన ఏరియా సీ అనే ప్రాంతం ఉంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 7.30 నుంచి సాయంత్రం 7.30 వరకు అందులోకి వెళ్తే రోజుకు 7.50 యూరోలు కట్టాలి, అదీ మీరే గుర్తుంచుకుని ఆన్‌లైన్‌లో కట్టాలి. మెట్రో ఉండగా ఈ తంటా ఎందుకు? లియొనార్డో ‘చివరి విందు’ చిత్రాన్ని చూడాలంటే మాత్రం విమానం టికెట్ కంటే ముందే దాని టికెట్ సంగతి చూడండి. గుంపుకు 15 నిమిషాలే ఇస్తారు, సోమవారం సెలవు, నెలల ముందే టికెట్లు అయిపోతాయి.

మూడో రోజు రైల్లో వెరోనా వెళ్లండి, గంటంబావు ప్రయాణం. ఆ రోజంతా నడిచే చూడండి. కారు మర్నాడు పొద్దున తీసుకోండి. ఊళ్లో ఉండే అద్దె కార్యాలయాలు చాలావరకు మధ్యాహ్నం మూసేస్తారు, ఆదివారం తెరవరు. విమానాశ్రయం కౌంటర్‌కు ఈ ఇబ్బంది తక్కువ. వెరోనాలో మూడు రాత్రులు పెట్టుకోవడానికి కారణం ఊరొక్కటే కాదు. సిర్మియోనే, మాల్చెసినే లాంటి గార్దా సరస్సు ఒడ్డు ఊళ్లు ఒక రోజు, మాంటోవా ఒక రోజు, రెండూ కారుంటేనే సుఖం. మాంటోవాలో సరస్సుకు అవతలి ఒడ్డున కాంపో కనోవా అనే పార్కింగ్ ఉంది. కోట, గోపురాలు నీటి మీద తేలుతున్నట్టు కనిపించేది అక్కణ్నుంచే. వెరోనాలో కారు ఆపడానికి అరీనాకు, అంటే పాత రోమన్ రంగస్థలానికి, దగ్గర్లోని చిత్తదెల్లా (Cittadella) పార్కింగ్ పేరు యాప్‌లో కొట్టండి. వేసవిలో అరీనాలో ఒపేరా ఉన్న రాత్రులు ఆ చుట్టుపక్కల సాయంత్రం ఆరు దాటాక చోటు దొరకదు.

ఆరో రోజు పాదోవా. వెరోనా నుంచి 80 కిలోమీటర్లే కాబట్టి హైవే మీద పరుగెత్తకుండా యూగేనియన్ కొండల్లోని ఆర్క్వా పెత్రార్కా అనే పల్లె మీదుగా వెళ్లండి. కవి పెత్రార్క 1374లో కన్నుమూసింది అక్కడే. ఆయన ఇల్లు, సమాధి ఉన్నాయి. పాదోవాలో రెండు రాత్రులు. చిత్రకారుడు జోత్తో కుడ్యచిత్రాలున్న స్క్రోవెన్యి చాపెల్‌కు ముందుగా వేళ బుక్ చేసుకోవాలి. లోపలి గాలి తేమ సర్దుకోవడానికి ముందు ఒక అద్దాల గదిలో పావుగంట కూర్చోబెడతారు, ఆ తర్వాత చిత్రాల ముందు పావుగంట. ఆలస్యంగా వెళ్తే టికెట్ పోయినట్టే.

వెనిస్‌కు ఇక్కణ్నుంచి రైల్లో వెళ్లి రావాలి. అరగంట, మహా అయితే ముప్పావుగంట. కారులో వెళ్లినా పియజ్జాలే రోమా దగ్గర ఆగాల్సిందే, ఆ పైన రోడ్డే లేదు. అక్కడి పార్కింగ్ ధర చూస్తే రైలు టికెట్లు చాలా చవక అనిపిస్తుంది. ఏప్రిల్ నుంచి జూలై మధ్య కొన్ని నిర్ణీత రోజుల్లో, ఉదయం 8.30 నుంచి సాయంత్రం 4 మధ్య, పగటి సందర్శకులు ప్రవేశ రుసుము కట్టాలి. ముందే బుక్ చేస్తే 5 యూరోలు, చివరి రోజుల్లో ఐతే 10. పాదోవాలో బస చేసే పర్యాటకులకు ఇది వర్తిస్తుంది. పక్కనున్న మెస్త్రే ఊరు వెనిస్ మున్సిపాలిటీలోనే ఉంది కనుక అక్కడి హోటల్లో దిగినవారికి రుసుము లేదు, పేరు మాత్రం నమోదు చేసుకోవాలి.

ఎనిమిదో రోజు ఫెర్రారాలో ఒక రాత్రి. అది సైకిళ్ల ఊరు, కోటగోడల మీద చెట్ల కింద తిరగొచ్చు. ఆ తర్వాత బొలోన్యాలో మూడు రాత్రులు. కారును స్టేషన్‌కు దగ్గర్లోని తనారి పార్కింగ్‌లో ఉంచండి. పదో రోజు ఆ కారులోనే రెజ్జో, పార్మా వైపు పల్లెలకు వెళ్లి, సాయంత్రం విమానాశ్రయంలో అప్పగించేయండి. పర్మేజాన్ జున్ను తయారీ చూడాలంటే ఉదయం పది లోపే డెయిరీకి చేరాలి. పెద్ద రాగి గంగాళాల్లో పాలు విరిచే పని అప్పటికే ముగింపుకొస్తుంది. కారు సరిగ్గా ఏడు రోజులు చేతిలో ఉంటుంది కాబట్టి వారం అద్దె సరిపోతుంది. ఒక ఊళ్లో తీసుకుని మరో ఊళ్లో ఇచ్చినందుకు అదనపు రుసుము ఎంతో బుకింగ్ సమయంలోనే చూడండి. టూరిన్‌ను ఈసారికి వదిలేయండి. ఆ ఊరు దారిలో లేదు, సగం పూటలో చూసేదీ కాదు. బొలోన్యాలో అసినెల్లి బురుజు ఎక్కాలని చాలా పట్టికలు ఇంకా రాస్తున్నాయి. పక్కనున్న గారిసెండా బురుజు ఒరిగిపోతోందని 2023 చివర్లో రెండింటికీ దారి మూసేశారు.

ఇక రోడ్డు సంగతి. ఎడమవైపు నడిపే మనవాళ్లకు కుడివైపు నడపడం హైవే మీద ఒక గంటలో అలవాటవుతుంది. తిప్పలు వచ్చేది మలుపుల్లో, రౌండబౌట్లలో. మన కార్లలో ఇండికేటర్ స్టీరింగ్‌కు కుడిపక్కన, అక్కడ ఎడమపక్కన. తొలి రోజు ప్రతి మలుపులోనూ వైపర్లు తిరుగుతాయి, కంగారు పడకండి. గేర్ల కారే మామూలుగా ఇస్తారు. ఆటోమేటిక్ కావాలంటే ముందే చెప్పాలి, ఎక్కువ కట్టాలి. ఎడమచేత్తో గేర్లు వేయడం అలవాటైన చేతికి కుడిచేతి గేర్లు కూడా కొత్త కాబట్టి ఆ ఎక్కువ డబ్బు వృథా కాదు. అమెరికా నుంచి వచ్చే తెలుగువారికి గేర్ల గొడవే ఎక్కువ. వారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి: ఎర్రలైటు ఉండగా కుడివైపు తిరగడం అక్కడ కుదరదు.

హైవేపై వేగ పరిమితి 130, వానలో 110. దట్టమైన పొగమంచులో వంద మీటర్లు కూడా కనిపించకపోతే 50. ఉత్తర ఇటలీలోని పో నది మైదానంలో నవంబర్ నుంచి జనవరి దాకా ఆ పొగమంచు మామూలే. కొన్నిచోట్ల కెమెరాలు రెండు పాయింట్ల మధ్య సగటు వేగాన్ని లెక్కగడతాయి, కెమెరా దగ్గర మాత్రం బ్రేకు వేసి లాభం లేదు. ఊరి బయట పగలైనా హెడ్‌లైట్లు వెలగాలి.

టోల్‌కు ఎక్కేటప్పుడు చీటీ తీసుకుని దిగేటప్పుడు కట్టాలి. చీటీ పోతే ఆ మార్గంలో అత్యంత దూరపు గేటు నుంచి వచ్చినట్టు లెక్కేస్తారు. పసుపు రంగు టెలిపాస్ వరుస చందాదారులది, నీలం కార్డులకు, తెలుపు నగదుకు. పొరపాటున టెలిపాస్ వరుసలోకి వెళ్తే వెనక్కి మాత్రం తీయకండి, హైవే మీద అది పెద్ద నేరం. బొత్తాం నొక్కి సాయం అడిగితే చీటీ ఇస్తారు, 15 రోజుల్లో కట్టొచ్చు. మిలాన్‌కు ఉత్తరాన పెదెమోంతానా హైవేకు అసలు గేట్లే లేవు. దాని మీద ప్రయాణించినట్టు కూడా తెలియదు. ఆన్‌లైన్‌లో 15 రోజుల్లో కట్టకపోతే అదీ అద్దె కంపెనీ ద్వారా మీ దగ్గరికే వస్తుంది.

పార్కింగ్‌కు గీతల రంగు చూడండి. తెలుపు ఉచితం, కానీ బోర్డు మీద గంటల పరిమితి ఉంటే, కారులో ఉండే అట్ట గడియారాన్ని వచ్చిన వేళకు తిప్పి అద్దం వెనుక పెట్టాలి. నీలం డబ్బు కట్టేది. పసుపు స్థానికులకు, వికలాంగులకు. వీధి శుభ్రం చేసే రోజు బోర్డు చూడకుండా రాత్రంతా ఆపితే పొద్దున కారు ఉండదు, లాగుకుపోతారు. బంక్‌లో ‘సెల్ఫ్’ చవక, ‘సెర్విటో’ అంటే మనిషి పోసేది, ధర ఎక్కువ. కారు ఇంధన ట్యాంకు మూత మీది గుర్తు, పైపు మీది గుర్తు ఒకటేనా చూసుకోండి. గుండ్రటి గడిలో ఈ5, ఈ10 అని ఉంటే పెట్రోల్, చదరపు గడిలో బీ7 అని ఉంటే డీజిల్. మనుషుల్లేని బంక్ యంత్రాలు కార్డు మీద పెద్ద మొత్తం ఆపి, కొన్ని రోజులకు మిగతాది వదులుతాయి.

లైసెన్సు విషయంలో రాజీ లేదు. మన లైసెన్సుతో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ అనుమతి, అంటే ఐడీపీ, అసలు ప్రతి చేతిలో ఉండాలి. దాన్ని రవాణా శాఖ కార్యాలయమే ఇస్తుంది, గడువు ఒక ఏడాది. ఆన్‌లైన్‌లో ప్రైవేటు సైట్లు అమ్మే ‘అంతర్జాతీయ లైసెన్సు’ కార్డులు చెల్లవు. డిపాజిట్‌కు ప్రధాన డ్రైవర్ పేరిటే క్రెడిట్ కార్డు ఉండాలి, డెబిట్ కార్డును చాలాచోట్ల ఒప్పుకోరు. మన బ్యాంకులు విదేశీ లావాదేవీలను మామూలుగా ఆపి ఉంచుతాయి కనుక బయల్దేరే ముందే యాప్‌లో తెరిచి, పరిమితి పెంచుకోండి. కౌంటర్‌లో నిలబడి ఓటీపీ కోసం చూసే అవస్థ తప్పుతుంది. కారు తీసుకునేటప్పుడు నాలుగువైపులా, చక్రాల రిమ్ములు, పైకప్పు, అద్దం వీడియో తీయండి. ఇచ్చేటప్పుడు పెట్రోల్ ముల్లు, కిలోమీటర్లు ఫొటో తీసుకోండి.

తిండి గురించి ఒక్క మాట. శాకాహారులు, గొడ్డుమాంసం తినని వారు మిలాన్ రిసోత్తో మీద ఆశ పెట్టుకోవద్దు. సంప్రదాయంగా దాన్ని ఎద్దు మూలుగ, మాంసపు రసంతో వండుతారు. ఎమీలియా ప్రాంతపు రొట్టెల్లో పంది కొవ్వు ఉండొచ్చు. ఆర్డరు ముందు ‘సెన్సా కార్నే, సెన్సా స్త్రుత్తో’ (మాంసం వద్దు, పంది కొవ్వు వద్దు) అని చెప్పండి. రెజ్జోకు ఉత్తరాన నొవెల్లారాలో గురుద్వారా ఉంది, 2000లో ప్రారంభమైంది. ఆ ప్రాంతపు డెయిరీల్లో పంజాబీలు చాలామంది పనిచేస్తారు. పదో రోజు దారికి దగ్గర్లోనే కాబట్టి తల కప్పుకుని వెళ్తే లంగరులో భోజనం దొరుకుతుంది.

ఆగస్టు మొదటి వారాంతాలు, 15వ తేదీ చుట్టూ వద్దు. ఇటలీ అంతా రోడ్డెక్కుతుంది, ఊళ్లలో దుకాణాలు మూతబడతాయి. నవంబర్ 15 నుంచి ఏప్రిల్ 15 దాకా చాలా రోడ్లపై శీతాకాలపు టైర్లు లేదా గొలుసులు తప్పనిసరి, కారులో ఉన్నాయా అని కౌంటర్‌లో అడగండి. మీరు ఇలాంటి ప్రయాణ పట్టిక మళ్లీ వేస్తే, ప్రతి ఊరి పేరు పక్కన ఏ పార్కింగ్‌లో కారు ఆపాలో ఒక్క గడి చేర్చండి. చూడాల్సినవాటి జాబితా తగ్గించైనా సరే ఆ గడి ఉండాలి.

— మిలాన్‌లోని కొందరు తెలుగు పాఠకులు