పర్లాకిమిడి మాస్టారికి, ఇంకా అందరికీ కృతజ్ఞతలు

నిన్న సాయంత్రం పాస్‌పోర్టు పంపమని మెయిల్ వచ్చింది, అంటే వీసా వచ్చినట్టే. నా కెనడా స్పాన్సర్‌షిప్ (మావారు నన్ను అక్కడికి పిలిపించుకునే దరఖాస్తు) ఏమైందని ఇన్నాళ్లూ అడిగిన వాళ్లందరికీ విడివిడిగా ఫోన్ చేసే ఓపిక లేదు. రాత్రంతా కన్ను మూతపడలేదు, చేతులు ఇంకా వణుకుతున్నాయి. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ముఖ్యంగా రాయాల్సింది ఒక్కరి గురించి.

పేరు రాయొద్దని ఆయన గట్టిగా చెప్పారు కాబట్టి మాస్టారనే రాస్తాను. ఆంధ్రా సరిహద్దున ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో, కోట దగ్గర ఉంటారు. ఒడియా హైస్కూల్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. మా చుట్టం కాదు, మా వీధి కాదు. మొన్న ఎండాకాలం దాకా ఆయనెవరో నాకు తెలియదు.

మా సంగతి తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. మావారిది టెక్కలి దగ్గర పల్లె. కెనడాలో ఎడ్మంటన్‌లో ఉద్యోగం, పీఆర్ (అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) ఉంది. సంబంధం మా మేనత్త తెచ్చింది. పెళ్లిచూపులకీ పెళ్లికీ మధ్య నెల కూడా తిరగలేదు. ఆయనకి సెలవు తక్కువ, ఆ ముహూర్తం దాటితే మూఢం. మన వైపు ఇలాంటి పెళ్లిళ్లు ఎన్ని జరగలేదు? పసుపు బట్టలు ఆరకముందే ఆయన విమానం ఎక్కారు. పౌరసత్వం ఉన్నవాళ్లైతే బయట ఉండి కూడా భార్యని స్పాన్సర్ చేయొచ్చు గానీ, పీఆర్ మీద ఉన్నవాళ్లు కెనడాలో ఉంటేనే చేయాలి. ఉద్యోగం వదిలేసి వచ్చి నా పక్కన ఉండే దారి ఆయనకి లేదు.

దరఖాస్తు వెళ్లాక చాలాకాలం ఏ కబురూ లేదు. తర్వాత ఒక లెటర్ వచ్చింది. దాన్ని ప్రొసీజరల్ ఫెయిర్‌నెస్ లెటర్ అంటారు. పెళ్లికి ముందు మీ పరిచయం చాలా తక్కువ, పెళ్లయ్యాక కలిసున్నదీ తక్కువ, ఇది నిజమైన పెళ్లని మాకు నమ్మకం కుదరలేదు, గడువులోగా జవాబివ్వండి అని దాని సారాంశం. అక్కడి నిబంధనల్లో 4వ సెక్షన్ ఉంది. పెళ్లి నిజమైనది కాకపోయినా, ప్రధానంగా వీసా కోసమే చేసుకున్నదైనా, ఏ ఒక్క కారణంతోనైనా తిరస్కరించవచ్చు. ఆ లెటర్ చదివిన రోజు నుంచి నాకు అన్నం సహించలేదు. చుట్టాలు ఫోన్ చేసి ఇంకో భయం పెట్టారు. అక్కడికెళ్లాక రెండేళ్లు మొగుడితో కలిసుండకపోతే తిప్పి పంపేస్తారట కదా అని. ఆ షరతు 2012లో పెట్టి 2017 ఏప్రిల్‌లో తీసేశారు. ఈ విషయం తెలియక భయపడుతున్న అమ్మాయిలెవరైనా ఉంటే తెలుసుకోండి.

మొదట ఫారాలు నింపిన కన్సల్టెంట్ మా పెళ్లెలా కుదిరిందో ఒక్కసారి కూడా అడగలేదు. ఎవరికోసమో రాసిన పేరాల్లో మా పేర్లు మార్చి పెట్టేశాడు. లెటర్ వచ్చిందని చెప్తే మళ్లీ ఫీజు అడిగాడు. ఆ కోపం నాకు ఇంకా పోలేదు.

సరే, జవాబు మేమే ఇద్దామనుకున్నాం. ఉన్న కాగితాలన్నీ ఒడియాలోనో తెలుగులోనో ఉన్నాయి. సర్పంచి ఇచ్చిన సర్టిఫికెట్, కళ్యాణ మండపం రసీదు, రెండు వైపులా అచ్చేయించిన శుభలేఖలు, మేనత్త రాసిచ్చిన వాంగ్మూలం. ప్రతిదానికీ ఇంగ్లిష్ అనువాదం ఉండాలి. సర్టిఫైడ్ ట్రాన్స్‌లేటర్ దొరక్కపోతే, అనువాదం చేసినవాళ్లు నోటరీ ముందు ప్రమాణం చేసి అఫిడవిట్ ఇవ్వాలి. మా బాబాయి ఒడియా టీచరే, ఒక్క రాత్రిలో చేసేసేవారు. కానీ తల్లిదండ్రులు, తోబుట్టువులు, బాబాయిలు, అత్తలు, పెదనాన్న పిల్లలు ఎవరూ చేయకూడదని రూలు. మూడు భాషలూ వచ్చిన బయటివాళ్లే చేయాలి. మా ఊళ్లో మూడు భాషలు వచ్చినవాళ్లకి కరువు లేదు. సంతకం అనేసరికి అందరూ వెనక్కి తగ్గారు. పరాయి దేశపు సర్కారుకి ప్రమాణపత్రం, రేపు ఏదైనా కేసైతే మా మెడకి చుట్టుకుంటుంది అన్నారు. వాళ్ల భయం వాళ్లది, తప్పు పట్టను.

మాస్టారి దగ్గరికి ఒక జిరాక్స్ షాపు కుర్రాడు పంపాడు. వెళ్లాను. ఆ రోజుల్లో నన్ను చూసిన ప్రతివాళ్లూ మొదట అడిగే ప్రశ్న, పెళ్లికి ముందు ఎన్నిసార్లు మాట్లాడుకున్నారమ్మా అని. ఆయన అది అడగలేదు. లెటర్ రెండుసార్లు చదివి, మీ మేనత్తకి వాళ్ల కుటుంబం ఎప్పటి నుంచి తెలుసు అని అడిగారు. నేను పుట్టకముందు నుంచీ అన్నాను. అయితే అదే ముందు రాయమ్మా, మీ ఇద్దరి పరిచయం చిన్నదే, దాన్ని పెద్దది చేసి రాయొద్దు, రెండు ఇళ్ల పరిచయం పాతది, దానికి కాగితాలు వెతుకు అన్నారు.

అలా వెతుకుతుంటే చదివింపుల పుస్తకం బయటపడింది. పెళ్లిలో బాబాయి పక్కన కూర్చుని రాయించింది. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఒడిశాలోకి వెళ్లింది, పక్కనున్న పాతపట్నం ఆంధ్రా వైపు ఉండిపోయింది. చుట్టరికాలు మాత్రం రెండు వైపులా ఉన్నాయి. అందుకే ఆ పుస్తకంలో సగం పేర్లు తెలుగు లిపిలో, సగం ఒడియాలో ఉన్నాయి. పేరు, ఊరు, 116, 516, 1,116. మాస్టారు ఆ పుస్తకం మొత్తం ఇంగ్లిష్‌లోకి రాశారు. ఒక్క పేరు వదల్లేదు. చదవడానికి రాని చోట ఊహించి రాయకుండా, మా నాన్నగారికి ఫోన్ చేసి కనుక్కుని రాశారు. దొంగపెళ్లికి ఇంతమంది వచ్చి అన్నం తిని డబ్బు చదివిస్తారా, ఆ ఆఫీసరు కూడా మనిషే కదా, చూస్తే తెలుస్తుంది అన్నారు.

ఇంకోటి కూడా ఆయనే పట్టుకున్నారు. తెలుగు శుభలేఖ మీద మాఘ బహుళం అని ఉంది, ఒడియా శుభలేఖ మీద ఫాల్గుణ కృష్ణపక్షం అని ఉంది. మనకి నెల అమావాస్యతో పూర్తవుతుంది, వాళ్లకి పౌర్ణమితో. రోజు ఒకటే, నెల పేరు వేరు. ఇంగ్లిష్ తేదీ రెంటి మీదా ఒకటే ఉన్నా, నమ్మకం లేనివాడికి అనుమానించడానికి ఇదొక్కటి చాలు అని, ఈ తేడా వివరిస్తూ ఆయన కింద ఒక నోట్ రాశారు. అంతమంది ఇళ్లలో తిరిగిన శుభలేఖలు, ఎవరి కంటా పడని విషయం.

అఫిడవిట్ రోజు ఎండ మండిపోతోంది. ఆటో పంపిస్తానంటే వద్దని ఆయనే వచ్చేశారు. కోర్టు వరండాలో చాలాసేపు నిలబడ్డారు. నోటరీ ఆయన ఆధార్ చూసి, ఈ అమ్మాయి మీకేమవుతుంది అని అడిగాడు. ఏమీ కాదు బాబూ, ఏమైనా అయితే నేను రాయకూడదు అన్నారు మాస్టారు. తర్వాత ప్రతి పేజీ మీదా నెమ్మదిగా సంతకం పెట్టారు. చేయి నొప్పి పుడితే ఆపి, వేళ్లు విదిలించుకుని మళ్లీ పెట్టారు. నాకు అక్కడే ఏడుపొచ్చేసింది. పెళ్లినాడు కూడా అంత ఏడవలేదు. డబ్బు కవరు ఇస్తే తీసుకోలేదు, పళ్లు పట్టుకెళ్తే సగం తిప్పి ఇచ్చేశారు. మాస్టారూ, మీరు ఇది చదవరని తెలుసు. మీ అబ్బాయి చదివి వినిపిస్తానన్నాడు. నా గురించి ఏమీ తెలియకుండా మీ పేరు మీద ప్రమాణం చేశారు. మీకు ఎలా దండం పెట్టాలో నాకు తెలియడం లేదు.

అమ్మ, నాన్నగారు, బాబాయి, అత్త, మావయ్య, మీ అందరికీ వేరే చెప్పక్కర్లేదు. మావారికీ అంతే.

ఒక్క మాట మాత్రం అనకుండా ఉండలేను. దొంగపెళ్లిళ్లు ఉన్నాయి, పరిశీలించాల్సిందే. కానీ కలిసున్నట్టు రుజువు అడుగుతారు, కలిసుండడానికి వీసా ఇవ్వరు. చాటింగ్ పది పేజీలు మించొద్దంటారు, ఫోటోలు 20 మించొద్దంటారు. మా సంసారం అంతా ఫోన్లోనే నడిచింది, ఏ పది పేజీలు ఏరాలి? మొదట అక్కర్లేదన్న రుజువులే తర్వాత ఎందుకు లేవని అడిగితే ఎవరికి చెప్పుకోవాలి? ఇక రాష్ట్రం అంచున ఉన్నవాళ్ల అవస్థ ఎవరికీ పట్టదు. పోలీస్ క్లియరెన్స్‌కి భువనేశ్వర్ వైపు చూడాలి, వేలిముద్రలకి పలాసలో రైలెక్కి హైదరాబాద్ పోవాలి. ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, ఇంకోదాంట్లో వెనక, దానికి మళ్లీ ఒక అఫిడవిట్. నాకు చదువొచ్చు, నాన్నగారు ఖర్చు పెట్టగలిగారు. అవి లేని అమ్మాయి ఏం చేస్తుంది?

ఇలాంటి లెటర్ వచ్చినవాళ్లు నాకు రాయండి, తెలిసింది చెప్తాను. ఒకవేళ తిరస్కరించినా, స్పాన్సర్ చేసినవాళ్లు 30 రోజుల్లోగా ఇమ్మిగ్రేషన్ అప్పీల్ డివిజన్‌కి వెళ్లే హక్కుంది. అక్కడితో అయిపోయిందని కూర్చోకండి.

అయ్యో, జిరాక్స్ షాపు తమ్ముడికి చెప్పనేలేదు, అసలు దారి చూపించిందే నువ్వు. పెళ్లి చేయించిన పంతులుగారు అడిగిన రోజే ఉత్తరం రాసిచ్చారు. సికింద్రాబాద్‌లో మెడికల్ రోజున తన హాస్టల్ గదిలో పడుకోనిచ్చిన మా చెల్లి స్నేహితురాలికి చాలా థాంక్స్. పక్కింటి పిన్నిగారు నేను ఊళ్లో లేనప్పుడు కొరియర్ తీసి దాచారు. పాతపట్నం ఫోటో స్టూడియో అన్నయ్యగారూ, పాత హార్డ్‌డిస్క్ వెతికి పెళ్లి ఫోటోలు తేదీలతో సహా తీసిచ్చారు, మీ బాకీ అలాగే ఉంది, సోమవారం వచ్చి ఇచ్చేస్తాను.