వెండి బిళ్లకూ హాల్‌మార్క్ తప్పనిసరి చేయాలి

సంపాదకుల వారికి నమస్కారం.

వెండి ధర గురించి పత్రికల్లో రోజూ వార్త ఉంటోంది. 2024లో కిలో లక్ష రూపాయలు దాటింది, 2025 డిసెంబరుకల్లా రెండు లక్షలు దాటింది. ఎంత పెరిగింది, ఎంత దిగింది అన్నది అందరూ రాస్తున్నారు. ఐదు గ్రాములు, పది గ్రాములు కొనుక్కునేవాళ్ల చేతికి వస్తున్న వెండి ఎలాంటిది, తిరిగి అమ్మితే వాళ్లకు ఎంత దక్కుతోంది అన్నది మాత్రం ఎవరికీ పట్టడం లేదు. నేను జగిత్యాల జిల్లాలో మహిళా పొదుపు సంఘాల లెక్కలు రాస్తుంటాను. బంగారం అందకుండా పోయాక మా ఆడవాళ్లు చాలామంది వెండి మీద పడ్డారు. అందుకే ఈ ఉత్తరం.

ఈమధ్య మా సంఘం సభ్యురాలు ఒకామె కొడుకు కాలేజీ ఫీజు కోసం పది తులాల పట్టీలు అమ్ముదామని, కొన్న షాపుకే తీసుకెళ్లింది. తోడుగా నేనూ వెళ్లాను. షాపాయన పట్టీ అంచును ఆకురాయితో కాస్త గీకి, మిషన్‌లో పెట్టి చూసి, "అమ్మా, ఇది అరవై రెండు టచ్" అన్నాడు. అంటే నూరు గ్రాముల్లో అసలు వెండి అరవై రెండు గ్రాములే. కొన్నప్పుడు మాత్రం నూరు గ్రాములకూ వెండి రేటే కట్టింది, పైన తరుగు, మజూరీ వేరే. బిల్లు చూపిద్దామంటే ఆమె దగ్గర ఉన్నది బిల్లు కాదు, ఎస్టిమేట్ అని రాసిచ్చిన తెల్ల చీటీ. దాని మీద షాపు పేరు లేదు, జీఎస్టీ నంబరు లేదు, టచ్ ఎంతో లేదు. "పట్టీలు ఎక్కడైనా ఇంతేనమ్మా" అన్నాడు షాపాయన. ఆ చీటీ పట్టుకుని ఆమె ఎవరి మీద ఫిర్యాదు చేయగలదు?

పట్టీలు గట్టిగా ఉండాలంటే వెండిలో రాగి కలపాల్సిందే. కలిపినందుకు నేను తప్పుపట్టడం లేదు. ఎంత కలిపారో చెప్పకుండా, కలిపినదానికి కూడా వెండి ధర తీసుకోవడం అన్యాయం.

పట్టీలు వద్దు, బిళ్లలు కొనుక్కుంటాం అనే వాళ్ల సంగతి కొంత నయం, అంతే. లెక్క కోసం గ్రాము 200 రూపాయలు అనుకుందాం. పది గ్రాముల లక్ష్మీదేవి బిళ్లకు వెండి ధర 2,000, మజూరీ, డబ్బా కలిపి ఒక 250, దాని మీద 3 శాతం జీఎస్టీ. మొత్తం 2,317 రూపాయలు దాటుతుంది. మర్నాడే తీసుకెళ్తే పాత వెండి కింద నూటికి పది కోసి 1,800 చేతిలో పెడతారు. అంటే గ్రాము రేటు 257 దాటితే గానీ పెట్టిన డబ్బు వెనక్కి రాదు. అదే నూరు గ్రాముల కడ్డీ మీద మజూరీ మూడు శాతం, జీఎస్టీ పైన చెప్పినంతే, తిరిగి అమ్మినప్పుడు కోత మూడు శాతం అనుకుంటే, రేటు 219కి వస్తే చాలు. కోతలు షాపు షాపుకూ మారతాయి గానీ వరస ఇదే. తక్కువ డబ్బు ఉన్నవాళ్లే గ్రాముకు ఎక్కువ కడుతున్నారు.

అందుకే మా సంఘాల్లో నేను చెప్పేది ఒకటే. నెలనెలా ఐదు గ్రాముల బిళ్ల కొనకండి. ఆ డబ్బు పోస్టాఫీసు ఆర్‌డీలో (నెలనెలా కట్టే పొదుపు ఖాతాలో) వేసుకుని, చేతికొచ్చాక 999 ముద్ర (అంటే నూటికి 99.9 పాళ్లు వెండే), సీల్ ఉన్న యాభై గ్రాములో నూరు గ్రాములో ఒకేసారి తీసుకోండి. సీల్ విప్పకండి. కొనే ముందే "తిరిగి తెస్తే ఎంత కోస్తారు?" అని అడిగి, బిల్లు మీద రాయించుకోండి. రాయనన్న షాపులో కొనకండి. రిటర్న్ గిఫ్టుల కింద దొరికే జర్మన్ సిల్వర్ వస్తువుల్లో వెండి ఉండదు, అది రాగి, నికెల్, జింకు మిశ్రమం. సంఘంలో అప్పు తీసి వెండి కొంటామనే వాళ్లకు మాత్రం గట్టిగా వద్దనే చెబుతున్నాను. 2011 ఏప్రిల్‌లో కిలో 70 వేలు దాటిన వెండి 2015 చివరికి సగానికి పడిపోయింది. ఆ పాత ధర మళ్లీ చూడ్డానికి 2020 దాకా పట్టింది. అన్నేళ్లు వడ్డీ కట్టే స్తోమత మాలో ఎవరికుంది?

స్మారక నాణేల విషయంలోనూ జాగ్రత్త అవసరం. 2023 ఆగస్టులో ఎన్టీఆర్ శతజయంతికి వంద రూపాయల నాణెం విడుదల చేశారు, హైదరాబాద్‌లోని ప్రభుత్వ నాణేల ముద్రణాలయం (మింట్)లోనే తయారైంది. అందులో వెండి 50 శాతం, మిగతాది రాగి, నికెల్, జింకు. ఆ సంగతి ప్రభుత్వం దాచలేదు, ముందే చెప్పింది. అభిమానంతో దాచుకునేవాళ్లు నిశ్చింతగా దాచుకోవచ్చు. వెండి మీద పెట్టుబడి అనుకుని కొంటే మాత్రం లెక్క కుదరదు.

ఈటీఎఫ్ (షేర్ మార్కెట్లో కొనే వెండి ఫండ్) కొనుక్కోవచ్చు కదా అని చదువుకున్న పిల్లలు అంటారు. నిజమే. షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2021లో అనుమతించింది, మజూరీ గొడవ లేదు, టచ్ టెన్షన్ లేదు. షేర్లు ఉంచుకునే డీమ్యాట్ ఖాతా ఉండి, ధర పెరుగుదల మాత్రమే కావాలనుకునే వాళ్లకు అదే మేలు. కానీ రాత్రికి రాత్రి ఆసుపత్రికి డబ్బు కావాల్సి వస్తే తాకట్టు పెట్టుకునే వస్తువు ఇంట్లో ఉండాలనుకునే వాళ్ల భయం కూడా తీసిపారేసేది కాదు.

ఆ తాకట్టు విషయంలో ఒక మంచి మార్పు వచ్చింది. వెండి మీద అప్పులకు రిజర్వ్ బ్యాంకు 2025 జూన్‌లో స్పష్టమైన నిబంధనలు ఇచ్చింది, 2026 ఏప్రిల్ 1 లోగా అమలు చేయాలంది. వెండి నగలు పది కిలోల దాకా, నాణేలు అర కిలో దాకా తాకట్టు పెట్టుకోవచ్చు. రెండున్నర లక్షల లోపు అప్పయితే విలువలో 85 శాతం దాకా ఇవ్వొచ్చు. కడ్డీల మీద, ఈటీఎఫ్‌ల మీద మాత్రం ఇవ్వకూడదు. అంటే అవసరానికి కుదవపెట్టుకోవాలంటే నూరు గ్రాముల కడ్డీ పనికిరాదు, నాణెమే కావాలి. ఈ తేడా కొనేటప్పుడు ఏ షాపులోనూ చెప్పడం లేదు. ఇక నగ తీసుకెళ్తే అందులో అసలు వెండి ఎంతో తేల్చాకే అప్పు లెక్క కడతారు. అరవై రెండు టచ్ పట్టీలకు నూరు గ్రాముల విలువ ఎవరూ కట్టరు. స్వచ్ఛత ఎంతో చెప్పే హాల్‌మార్క్ ముద్ర లేని వెండితో ఆ 85 శాతం మాట మాకు కాగితం మీదే మిగిలిపోతుంది.

బంగారు నగలకు 2021 జూన్ నుంచి దశలవారీగా హాల్‌మార్క్ తప్పనిసరి చేశారు. వెండి దగ్గరికొచ్చేసరికి అది షాపు యజమాని ఇష్టం. 2025 జనవరిలో కేంద్ర మంత్రి ప్రహ్లాద్ జోషి, వెండికీ తప్పనిసరి చేసే విషయం చూడమని హాల్‌మార్క్ వ్యవహారం చూసే భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్)కు చెప్పారు. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి వెండి నగలకు కూడా హెచ్‌యూఐడీ, అంటే ఒక్కో నగకు ఒక్కోటిగా అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే గుర్తు వచ్చింది, బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. సంతోషమే. కానీ ఇదీ ఐచ్ఛికమే. తక్కువ టచ్ సరుకు అమ్మే షాపు తనంతట తాను ముద్ర వేయించుకుంటుందని ఎలా నమ్ముతాం?

చిన్న వస్తువులకు ముద్ర ఖర్చు భారమవుతుందని వ్యాపారులు అంటున్నారు. అందులో నిజం ఉంది, మెట్టెలకూ పసిపిల్లల మురుగులకూ మినహాయింపు ఇవ్వండి. బంగారంలోనూ రెండు గ్రాముల లోపు వాటికి ఇచ్చారు. పది గ్రాములు, అంతకు మించిన ప్రతి బిళ్లకూ, కడ్డీకీ, పట్టీల జతకూ మాత్రం ముద్ర తప్పనిసరి కావాలి. షాపు గోడ మీద ఆ రోజు అమ్మే రేటు పక్కనే తిరిగి కొనే రేటు కూడా రాసి పెట్టాలి. ఎస్టిమేట్ చీటీల మీద వెండి అమ్మకం ఆపడానికి తూనికలు కొలతల శాఖ, జీఎస్టీ అధికారులు అక్షయ తృతీయ, ధనత్రయోదశి ముందు మండల కేంద్రాల్లోని షాపులకు కూడా రావాలి. తనిఖీలన్నీ పెద్ద నగరాల్లోనే జరిగితే మాకు ఒరిగేదేమీ లేదు.

ఇంకొకటి. 2015 నవంబరులో కేంద్రం అశోక చక్రం ముద్రతో ఇండియన్ గోల్డ్ కాయిన్ తెచ్చింది, ఐదు, పది గ్రాముల్లో. వెండికి అలాంటిదే కావాలి. బొమ్మలు, వెల్వెట్ డబ్బాలు అక్కర్లేదు. ప్రభుత్వ మింట్ తయారుచేసిన 999 వెండి నాణెం, ఇరవై, యాభై గ్రాముల్లో, తిరిగి కొనే షరతులు తెలుగులో రాసిన చీటీతో పోస్టాఫీసులో అమ్మాలి. ఆర్‌డీ డబ్బు తీసుకున్న కౌంటర్‌లోనే మా సంఘం వాళ్లు దాన్ని కొనుక్కోగలిగేలా రాష్ట్ర ఎంపీలు ఆర్థిక శాఖను అడగాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
పొదుపు సంఘాల లెక్కలు రాసే ఒక పాఠకురాలు,
జగిత్యాల జిల్లా