సీఎస్‌ఐఆర్ వేరు, సీఎస్‌ఆర్ వేరు

సంపాదకులకు నమస్కారం.

ఓ ప్రభుత్వ పాఠశాలకు ల్యాబ్ సామగ్రి వచ్చిందని ఇటీవల పేపర్లో ఒక చిన్న వార్త పడింది. హెడ్డింగ్‌లో ‘సీఎస్‌ఐఆర్ నిధులతో’ అని ఉంది. లోపల చదివితే ఇచ్చింది ఓ ప్రైవేటు కంపెనీ! అది సీఎస్‌ఆర్, అంటే సామాజిక బాధ్యత కింద కంపెనీలు పెట్టే ఖర్చు. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఇందుకు వెచ్చించాలి. పరిశోధన సంస్థ అయిన సీఎస్‌ఐఆర్‌కి దాంతో సంబంధం లేదు. ఆ వార్త చూసి మా విద్యార్థిని తండ్రి ఒకాయన కాలేజీకి వచ్చారు. ‘‘మేడం, అమ్మాయి ఫీజు కోసం సీఎస్‌ఐఆర్ వాళ్లకు అర్జీ పెట్టుకోమంటారా?’’ అని అడిగారు. కాదని చెప్తే ఆయన ముఖం చిన్నబోయింది.

సీఎస్‌ఐఆర్ అంటే కౌన్సిల్ ఆఫ్ సైంటిఫిక్ అండ్ ఇండస్ట్రియల్ రీసెర్చ్. శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి అనుకోవచ్చు. 1942లో శాస్త్రవేత్త శాంతిస్వరూప్ భట్నాగర్ సారథ్యంలో మొదలైంది. దేశ ప్రధానే దీనికి అధ్యక్షుడు. ఓటేసినప్పుడు వేలికి పెట్టే సిరా ఢిల్లీలోని వీళ్ల ల్యాబ్‌లో పుట్టిందే.

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చెప్పే నాకు ఇంకో బాధ ఉంది. మా పిల్లల్లో చాలామందికి సీఎస్‌ఐఆర్ అంటే పరీక్ష పేరు. ‘‘ఈసారి సీఎస్‌ఐఆర్ ఎప్పుడు మేడం?’’ అంటారు. వాళ్లు అడిగేది సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష గురించి. అందులో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీకి ఫెలోషిప్ దొరుకుతుంది కాబట్టి ఆ టెన్షన్ అర్థం చేసుకోదగ్గదే. కానీ హైదరాబాద్‌లో తార్నాక నుంచి ఉప్పల్ వెళ్లే దారిలో ఉన్న ఐఐసీటీ (రసాయన సాంకేతికత), సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్రం), ఎన్‌జీఆర్‌ఐ (భూభౌతిక శాస్త్రం) అనే పరిశోధన సంస్థలు మూడూ ఆ మండలివేనని వాళ్లకు తెలియదు. తెలిస్తే ప్రాజెక్టు పని కోసం అక్కడికి దరఖాస్తు పెట్టుకునేవాళ్లు. పత్రికల్లో ఆ ముక్క కనిపించకపోతే వాళ్లకు ఎలా తెలుస్తుంది? కోవిడ్ రోజుల్లో వైరస్ జన్యుక్రమాలు తేల్చిన సీసీఎంబీని ఐసీఎంఆర్ (వైద్య పరిశోధన మండలి) సంస్థ అనుకున్నవాళ్లు మా స్టాఫ్‌రూంలోనే ఉన్నారు.

ఆ సంస్థలు తమ పేరును సీఎస్‌ఐఆర్-ఐఐసీటీ అని రాసుకుంటాయి. ముందున్నది మాతృసంస్థ, తర్వాతది ల్యాబ్. ఐసీఎంఆర్-ఎన్‌ఐఎన్ (పోషకాహార సంస్థ), ఐసీఏఆర్-నార్మ్ (వ్యవసాయ పరిశోధన నిర్వహణ అకాడమీ) కూడా అంతే. ఐసీఏఆర్ అంటే వ్యవసాయ పరిశోధన మండలి. వార్తల్లో ఆ ముందు భాగాన్నే కోసేస్తున్నారు. జాగా చాలదని తెలుసు, అయినా దయచేసి దాన్ని ఉంచండి. వార్తలో మొదటిసారి వచ్చినచోట పూర్తి పేరు ఒక్కసారి వేయండి. దక్షిణాఫ్రికాలో, ఘనాలో కూడా సీఎస్‌ఐఆర్ పేరుతోనే పరిశోధన సంస్థలున్నాయి. విదేశీ వార్త అయితే ఏ దేశానిదో కూడా రాయండి.

– ఒక కెమిస్ట్రీ అధ్యాపకురాలు, వరంగల్