సాక్ష్యంలో రాలిపోయిన మనుషులు

క్రిస్మస్ ఆరాధనలో సాక్ష్యం చెప్పడానికి నాకు రెండు నిమిషాలు ఇచ్చారు. లేచి నిలబడి, "మా వారు నిచ్చెన మీద నుంచి పడ్డారు, తుంటి ఎముక విరిగింది, దేవుడు కాపాడాడు, ఆయనకే మహిమ" అని చెప్పి కూర్చున్నాను. అందరూ ఆమేన్ అన్నారు. ఇంట్లో మంచం మీద పడుకుని ఫోనులో ఆరాధన విన్న మా వారు, నేను గుమ్మంలో చెప్పులు విడవక ముందే అడిగారు: "నల్లబట్టల స్వామి సంగతి చెప్పలేదేం?"

నిజమే, చెప్పలేదు. పొంగలి సంగతీ చెప్పలేదు, ఆరు కోడిగుడ్ల సంగతీ చెప్పలేదు. మన సంఘాల్లో సాక్ష్యాలకు ఒక అలవాటు ఉంది. దేవుణ్ణి మహిమపరిచే తొందరలో మనుషులు రాలిపోతారు. రక్తం ఎవరిదో, అన్నం ఎవరు వండారో, అర్ధరాత్రి ఎవరు మేలుకున్నారో ఎవరూ చెప్పరు. చిన్నప్పటి నుంచి అవే వింటూ పెరిగాను కాబట్టి నాకూ అదే వచ్చింది. పదిమంది కుష్ఠరోగులు బాగుపడితే తిరిగి వచ్చి కృతజ్ఞత చెప్పినవాడు ఒక్కడేనని లూకా రాశాడు. ఆ తొమ్మండుగురిలో నేనూ ఒకదాన్ని కాకూడదని ఇది రాస్తున్నాను. దాదాపు అందరూ తమ పేర్లు రాయవద్దన్నారు. పేర్లు లేకపోయినా, చేసిన పనులు చెబితే వాళ్లకు కోపం రాదనుకుంటాను.

నవంబరు 30, ఆదివారం. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలంలో మొదటి ఆదివారం. ఉదయం మా చిత్తూరు గుడిలో మొదటి కొవ్వొత్తి నేనే వెలిగించాను. ఆ కొవ్వొత్తిని నిరీక్షణ అంటారు. సాయంత్రం చినుకులు కాస్త తెరిపివ్వగానే మా వారు నక్షత్రం కట్టడానికి నిచ్చెన ఎక్కారు. వెదురు దబ్బలు చీల్చి, మైదా బంకతో రంగు కాగితం అంటించి, ఏటా స్వయంగా చేస్తారు. కొన్న నక్షత్రం గుమ్మానికి కడితే ఆయనకు పండుగ రానట్టే. రేపు కడదామన్నాను. ఈ రోజే కట్టాలన్నారు. తడిసిన గచ్చు మీద నిచ్చెన కాలు జారింది. ఆయన కింద పడ్డారు. నక్షత్రం మాత్రం ఒక కొస తాడుకు వేలాడుతూ మేకుకే ఉండిపోయింది.

చిత్తూరువాళ్లకు పెద్ద జబ్బంటే వేలూరే. 1900లో ఐడా స్కడర్ ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాల మాకు గంట ప్రయాణంలోపే ఉంది. మా నాయనమ్మ కాన్పులన్నీ అక్కడే. అయితే ఉద్యోగుల ఆరోగ్య కార్డు లెక్కలు వేరు. ఆ రాత్రి అంబులెన్సులో తిరుపతికి వెళ్లాం. నేను తెలుగు పంతులమ్మను. అంబులెన్సులో ఎక్కగానే నా పాత విద్యార్థి ఒకడికి ఫోను చేశాను. పదో తరగతిలో ఛందస్సు రాక నా చేత చీవాట్లు తిన్నవాడు, ఇప్పుడు తిరుపతిలో మందుల దుకాణం నడుపుతున్నాడు. మేం చేరేసరికి ఆసుపత్రి వాకిట్లో చక్రాల మంచం పట్టుకుని నిలబడి ఉన్నాడు. "మీరు కూర్చోండి టీచర్, నేను చూసుకుంటాను" అన్నాడు. తర్వాత పద్దెనిమిది రోజులూ చూసుకున్నాడు. నాయనా, నీ గురించి ఎక్కువ రాస్తే పోట్లాటకు వస్తావు, ఇక్కడితో వదిలేస్తున్నాను.

మా వారిది ఓ నెగటివ్ రక్తం. ఆ వర్గం రక్తాన్ని ఎవరికైనా ఎక్కించవచ్చు కానీ, వాళ్లకు మాత్రం మరో ఓ నెగటివే కావాలి. చక్కెర అదుపులోకి రాక శస్త్రచికిత్స గురువారానికి వాయిదా పడింది. ఆలోగా రెండు సీసాల రక్తం సిద్ధం చేసుకోమన్నారు. ఒకటి దొరికింది. రెండోదాని కోసం నా విద్యార్థి ఎక్కడెక్కడికో ఫోన్లు చేశాడు. బుధవారం మధ్యాహ్నం రెండు దాటాక అయ్యప్ప మాల వేసుకున్న ఒక యువకుడు వచ్చాడు. నల్ల పంచె, నల్ల చొక్కా, నుదుట గంధం. ఒట్టి కాళ్లు. బయట వాన బురద. రక్తనిధి గడప దగ్గర పరిచిన గోనెపట్టా మీద ఒక పాదం, తర్వాత ఇంకో పాదం, వేళ్ల సందులు కూడా తుడుచుకుని గాని లోపలికి రాలేదు. తిని వచ్చావా అని నర్సు అడిగింది. "భిక్ష అయింది మాతా" అన్నాడు. దీక్షలో ఉన్నవాళ్లు మధ్యాహ్న భోజనాన్ని భిక్ష అంటారట. నర్సునూ మాతా అన్నాడు, నన్నూ మాతా అన్నాడు, నేల తుడిచే అమ్మాయినీ మాతా అన్నాడు.

పది నిమిషాల్లో రక్తం ఇవ్వడం అయిపోయింది. పళ్లరసం ఇస్తే తాగాడు. ఆటో ఖర్చుకని నేను పర్సు తీయబోతే రెండు చేతులూ జోడించి, "స్వామి శరణం" అన్నాడు. నాకు ఏమనాలో తోచలేదు. "దేవుడు నిన్ను దీవించును గాక" అన్నాను. తల వంచి ఆ దీవెన పుచ్చుకుని వెళ్లిపోయాడు. బాబూ, నీ ఊరు పుత్తూరు అని మాత్రం తెలిసింది. మా వారిలో ఇప్పుడు తిరుగుతున్నది కొంత నీ రక్తమే. శబరిమల యాత్ర క్షేమంగా జరగాలని మా ఇంట్లో ప్రార్థన చేశాం. మా నాయనమ్మ వింటే ఏమనేదో గానీ, చేశాం.

గురువారం ఉదయం థియేటరు బయట బల్ల మీద కూర్చున్నప్పుడు నిరీక్షణ అన్న మాట మళ్లీ గుర్తొచ్చింది. మన తెలుగు బైబిల్లో నిరీక్షణ అంటే ఆశ. బయట తెలుగులో అయితే ఎదురుచూపు. రెండు అర్థాలకూ ఒకే మాట ఎందుకు పెట్టారని పాఠం చెప్పేటప్పుడు కూడా ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ బల్ల మీద నాకు ఎదురుచూపే ఉంది, ఆశ లేదు. ప్రార్థన రాలేదు. ప్రభువు నేర్పిన ప్రార్థన మొదలుపెడితే అనుదినాహారం దగ్గర ఆగిపోయి, ఆయన చక్కెర మాత్రల మీదికి మనసు పోయేది. ఇరవై ఏళ్లుగా ఆగమన కాలమంటే నాకు పనుల పట్టిక. పాటల బృందానికి టీ, గుడిలో ఆడవాళ్ల సంఘమైన స్త్రీల మైత్రి లెక్కలు, ఆదివారపు బడి పిల్లల నాటకానికి దేవదూతల రెక్కలు. చేయడానికి పని లేని డిసెంబరు నేను ఎరగను. ఇప్పుడు చేతులు ఖాళీగా ఉంటే, లోపల కూడా ఖాళీయేనని తెలిసింది. ఇది సాక్ష్యంలో చెప్పుకునే మాట కాదు, అందుకే ఇక్కడ చెబుతున్నాను.

ఆ రోజుల్లో ఫోను చేసి ప్రార్థించిన అందరికీ వందనాలు. ఇరవై నిమిషాలు ప్రార్థించి నా ఫోనులో ఛార్జింగ్ మొత్తం తినేసిన అన్నయ్యకు కూడా. "ఎక్కడో విశ్వాసం తప్పి ఉంటారు, అందుకే ఈ శోధన" అని చెప్పిన అక్కకు మాత్రం ఇంకా జవాబు ఇవ్వలేదు. తడి గచ్చు మీద నిచ్చెన వేశాం అక్కా, అంతే.

ఇక తిరుపతిలోని బైరాగిపట్టెడ అమ్మ. పక్క మంచం మీద ఉన్న తమ్ముణ్ణి చూసుకోవడానికి వచ్చేది. వయసు ఎనభైకి దగ్గర. నేను మూడు రాత్రులు వరండాలో చాప మీద పడుకోవడం చూసింది. స్టేషను ఎదుట విష్ణు నివాసం ఉంది, బస్టాండు ఎదుట శ్రీనివాసం ఉంది, కానీ అవి కొండకు వచ్చే యాత్రికులవి. వాళ్ల గది నేనెలా అడుగుతాను? లాడ్జీలకు రోజూ కట్టే స్తోమత లేదు. తమ్ముణ్ణి ఇంటికి పంపిన రోజున ఆమె నా సంచి తీసి తన చంకన పెట్టుకుంది. "మా ఇల్లు ఇక్కడికి ఎంతో దూరం లేదు. రాత్రి మీ అబ్బాయి ఉంటాడుగా, నువ్వు వచ్చి నడుం వాల్చు అమ్మాయీ" అంది. నా విద్యార్థిని మా అబ్బాయి అనుకుంది. నేను దిద్దలేదు.

వీధి వైపు గది తెరిచి, "మా పెద్దమ్మాయి పెళ్లికి మగపెళ్లివారికి విడిది ఇచ్చింది ఈ గదిలోనే, ఇప్పుడు పాత మంచం తప్ప ఏమీ లేదు" అంది. విడిది అన్న మాట నా చెవిలో గంటలా మోగింది. ముందు రోజే మా పాస్టరుగారి సందేశం ఫోనులో విన్నాను. లూకా రెండో అధ్యాయంలో యేసు తల్లిదండ్రులకు స్థలం దొరకని చోటును మనవాళ్లు సత్రము అని తెనిగించారు. అదే గ్రీకు మాట ఇరవై రెండో అధ్యాయంలో, పస్కా భోజనం దగ్గర వస్తే విడిది గది అన్నారు. మంచి సమరయుడు గాయపడ్డవాణ్ణి చేర్చిన చోటుకు లూకా వాడిన మాట వేరు, దాన్ని పూటకూళ్లవాని ఇల్లు అన్నారు. అంటే బేత్లెహేములో లేనిది అద్దె గది కాకపోవచ్చు, ఎవరో ఒకరి ఇంట్లో చుట్టాలకు ఇచ్చే గది కావచ్చు. తెలుగు పంతులమ్మనై ఉండి ఈ తేడా ఇన్నేళ్లూ గమనించలేదు. సత్రాల ఊరిలో నాకు దొరికింది సత్రం కాదు, విడిది.

మరునాటి ఆదివారం తిరుపతిలోనే ఒక లూథరన్ గుడికి వెళ్లాను. తిరుపతిలో చర్చిలు ఉంటాయా అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘానికి కేంద్రమే అది. నేను వెనక బల్ల మీద కూర్చుని ఏడుస్తుంటే పక్కనున్న ఆవిడ ఏమీ అడగకుండా తన కీర్తనల పుస్తకాన్ని నా వైపు జరిపింది. ఆమెకూ వందనాలు.

డిసెంబరు 16న ధనుర్మాసం వచ్చింది. తిరుమలలో సుప్రభాతం బదులు తిరుప్పావై మొదలయ్యే నెల. అమ్మ నాలుగింటికే లేచి స్నానం చేసి పాశురం చదువుకుంటుంటే నాకూ మెలకువ వచ్చింది. కాసేపటికి ఇల్లంతా మిరియాల వాసన, నేతిలో వేగిన జీడిపప్పు వాసన. నాకు లోపల గుబులు మొదలైంది. నేను ప్రసాదం తీసుకోను. ఇరుగుపొరుగు ఇస్తే చేతిలో పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక తడబడేదాన్ని. ఇంత చేసిన మనిషికి కాదని ఎలా చెప్పడం? ఆమె వంటింట్లోంచి ఒక చిన్న సత్తుగిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. మూత తీస్తే పొంగలి, ఆవిర్లు.

"ఇది దేవుడి దగ్గర పెట్టింది కాదమ్మాయీ. నీకు పట్టింపు ఉంటుందని వేరే గిన్నెలో వండాను. ఆ పొయ్యి మీద అది, ఈ పొయ్యి మీద ఇది. తిను."

నేను అడగలేదు. నా మెడలో సిలువ చూసి తనే అనుకుంది. ఆచారం తెలిసినవాళ్లకు నేను చెప్పనక్కరలేదు, ధనుర్మాసం పూట నైవేద్యం కాని పొంగలి పక్క పొయ్యి మీద ఉడకనివ్వడం ఆ వయసు మనిషికి చిన్న సంగతి కాదు. తన నియమం తను తప్పకుండా, నాది నన్ను తప్పనివ్వకుండా, ఎనభైకి దగ్గరపడ్డ వయసులో రెండు గిన్నెలు తోముకుంది. నేను కళ్లు మూసుకుని భోజనానికి ముందు ప్రార్థన చేశాను. దాదాపు రెండు వారాల తర్వాత అనుదినాహారం దగ్గర ఆగకుండా చివరి వరకూ చెప్పగలిగాను. నేను కళ్లు తెరిచేదాకా ఆమె గరిటె పట్టుకుని నిలబడి, "అయిందా? ఇంకొంచెం వేస్తాను" అంది.

18న ఇంటికి వచ్చాం. వీధి మలుపు తిరగగానే నక్షత్రం వెలుగుతూ కనిపించింది. ఎదురింటి దర్జీ భాయి, వాళ్ల అబ్బాయి కలిసి చిరిగిన కొసలకు కొత్త కాగితం అంటించి కట్టారు. ఒక కొసకు కాగితం చాలక జాకెట్టు లైనింగు గుడ్డ వేశారు. మా వారు అంబులెన్సులోంచే తల ఎత్తి చూసి, "ఆ మూల కొంచెం వాలింది" అన్నారు. మనిషి బాగుపడుతున్నాడని నాకు నమ్మకం కలిగింది ఆ మాటతోనే.

రెండు రోజులకు మా స్త్రీల మైత్రి వాళ్లు వచ్చారు. ఏటా క్రిస్మస్‌కు ఇబ్బందుల్లో ఉన్నవాళ్లకు బియ్యం, కొంత డబ్బు ఇస్తాం. ఎవరికి ఎంతో రాసే నోటు పుస్తకం పదకొండేళ్లుగా నా దగ్గరే ఉండేది. ఈసారి వేరేవాళ్లు రాశారు. సంతకానికి పుస్తకం నా ముందు పెడితే, పద్నాలుగో వరుసలో నా పేరు ఉంది. నా గీతల మధ్య, ఇంకొకరి చేతిరాతలో. ముఖం వేడెక్కింది. మాకు జీతం ఉంది, పెన్షను వస్తుంది, ఇంకెవరికైనా ఇవ్వండి అని గట్టిగానే అన్నాను. నిజానికి అప్పు చేసి ఉన్నాం. ఎవరూ మాట్లాడలేదు.

వాళ్లతో వచ్చిన ఒక ముసలమ్మ, ఏటా నా చేతి నుంచే బియ్యం సంచి అందుకునే మనిషి, నేల మీద కూర్చున్నది లేచింది. "ఇన్నేళ్లూ నీ దగ్గర పుచ్చుకునేటప్పుడు నేను ఇలా పెడసరంగా మాట్లాడానా తల్లీ? సంతకం పెట్టు" అంది. కొంగులోంచి గుడ్డలో చుట్టిన ఆరు నాటుకోడి గుడ్లు తీసి మా వారి మంచం పక్కన పెట్టింది. ఎముక అతకడానికట. వాటికి డబ్బు ఇవ్వాలని నా చెయ్యి పర్సు వైపు వెళ్లింది. పదకొండేళ్ల అలవాటు. ఆమె చూసింది. నేను చెయ్యి వెనక్కి తీసుకుని సంతకం పెట్టాను.

పాటల బృందం 23న రాత్రి మా వీధికి వచ్చింది. ఆయనకు నిద్ర చెడుతుందని డప్పులు మలుపు దగ్గరే ఆపి, కిటికీ కింద నిలబడి రెండు కీర్తనలు మెల్లగా పాడారు. టీ మేం ఇవ్వలేదు, వాళ్లే ఫ్లాస్కులో తెచ్చుకుని మాకూ ఇచ్చారు. అందరికీ వందనాలు.

జనవరిలో మళ్లీ తిరుపతి వెళ్లి డాక్టరుకు చూపించుకోవాలి. బైరాగిపట్టెడ అమ్మకు క్రిస్మస్ కేకు తీసుకెళ్తున్నాను. మా ఇంట్లో పాత్రలన్నింటికీ గుడ్డు తగిలి ఉంటుందని నిన్న బజారుకు వెళ్లి కొత్త గిన్నె కొన్నాను. గుడ్డు లేకుండా కేకు ఎలా పొంగుతుందో తెలిసినవారు దయచేసి రాయండి. మొదటిది అట్టులా వచ్చింది.